హైదరాబాద్ వదిలాడు.. కలకత్తాను గెలిచాడు!

* బూట్లు కొనలేని కుర్రాడు.. రెండు ఒలింపిక్స్ ఆడాడు
* జబ్బు చేసి బంతి వదిలాడు.. కోచ్‌గా మళ్లీ మైదానంలోకి వచ్చాడు
* పద్మ పురస్కారం మాత్రం గుమ్మం దాకా రాలేదు

బరంపురం: 1936 ఏప్రిల్ 1న గంజాం, బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడివడి ఒడిశాలో కలిశాయి. ఊరు కదల్లేదు, ఇల్లు కదల్లేదు.. రాష్ట్రం మాత్రం మారింది. ఆ ఏడాదే సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఓ పిల్లాడు పుట్టాడు. పేరు తులసీదాస్ బలరాం. ఇరవయ్యేళ్లు తిరిగేసరికి ఆ కుర్రాడు హైదరాబాద్ వదిలి కలకత్తా చేరాడు. చివరిదాకా బెంగాల్‌లోనే ఉండిపోయాడు. సొంత రాష్ట్రం బయట బతుకు ఎలా ఉంటుందో తెలిసిన మన ప్రాంతం వారికి ఆయన కథ కొత్తగా అనిపించదు.

బూట్లు లేవు.. ఆట ఉంది

బలరాంది పేద కుటుంబం. ఫుట్‌బాల్ బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను చెప్పులు కుట్టే అతని చేత ఆటకు పనికొచ్చేలా మార్పించుకున్నాడు. వాటితోనే లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంటే ఓ మనిషి కన్ను పడింది. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తి రీత్యా బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, భారత జట్టుకు కోచ్. శిక్షణకు రమ్మంటే రోజూ అంత దూరం రావడానికి డబ్బులు లేవన్నాడు కుర్రాడు. అద్దె సైకిలుకు డబ్బులు రహీం సాబే ఇచ్చారు. బలరాం ఆ సైకిల్ మీదే శిక్షణకు వచ్చేవాడు. 1956లో అదే కుర్రాడు మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు! ఆ పోటీల్లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మనకు అదే అత్యుత్తమం.

కలకత్తా పిలిచింది

అప్పట్లో ఫుట్‌బాల్ ఆడి నాలుగు డబ్బులు, పేరు తెచ్చుకోవాలంటే కలకత్తా పోవాల్సిందే. 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో చేరాడు. లెఫ్ట్ ఇన్, లెఫ్ట్ వింగ్, సెంటర్ ఫార్వర్డ్.. ఎక్కడ నిలబెట్టినా గోల్ కొట్టాడు. భాష రాని ఊళ్లో బంతే ఆయన భాష. 1961లో క్లబ్ కెప్టెన్ అయ్యాడు. ఆ ఏడాది కలకత్తా లీగ్‌లో 23 గోల్స్‌తో అందరికన్నా ముందు నిలిచాడు. లీగ్ ఈస్ట్ బెంగాల్‌దే. ఐఎఫ్ఏ షీల్డ్‌ను మోహన్ బగాన్‌తో పంచుకుంది. సంతోష్ ట్రోఫీని రెండుసార్లు హైదరాబాద్‌కు గెలిపించినవాడే, ఆ తర్వాత బెంగాల్ తరఫునా గెలిచాడు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్‌కు మొత్తం మూడు గోల్స్ వచ్చాయి. రెండు బలరాంవే. ఒకటి హంగరీ మీద, ఒకటి పెరూ మీద. ఆ హంగరీ మామూలు జట్టు కాదు. అక్కడ కాంస్యం గెలిచింది. దాని మీద మనం ఓడింది 1-2 తేడాతోనే.

జకార్తాలో బంగారం

1962 ఆసియా క్రీడలు. పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం.. ముందు వరుసలో ఈ ముగ్గురూ ఉంటే ప్రత్యర్థి డిఫెండర్లకు చెమటలే. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడినా, థాయిలాండ్, జపాన్, దక్షిణ వియత్నాంలను దాటుకుని ఫైనల్ చేరారు. జపాన్ మీద గెలిచిన మ్యాచ్‌లో బలరాం గోల్ ఉంది. ఫైనల్లో అదే కొరియాను 2-1తో మట్టి కరిపించారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మన ముఖం చూడలేదు. ఆ ఏడాదే బలరాంకు అర్జున అవార్డు వచ్చింది.

మన రైలు దారి జట్టు

1963లో ఈస్ట్ బెంగాల్ వదిలి బీఎన్ఆర్ జట్టుకు మారాడు. బీఎన్ఆర్ అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. మన పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినిపించే పేరే. రైల్వే శాఖ లెక్కల్లో 1955 నుంచి అది సౌత్ ఈస్టర్న్ రైల్వే. బరంపురం స్టేషన్ 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే జోన్ వచ్చేదాకా దాని కిందే ఉంది. అంటే మన ఊరి మీదుగా పోయే బండ్లు ఏ రైల్వేవో, బలరాం చివరిగా వేసుకున్న జెర్సీ కూడా ఆ రైల్వేదే!

కానీ ఆ ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు. ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ల వయసుకే ఆట ముగిసింది. అదే 1963 జూన్‌లో గురువు రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇంకొకరైతే మైదానం వైపు చూసేవారు కాదేమో. బలరాం రైల్వే ఉద్యోగం చేసుకుంటూనే కోచ్ అయ్యాడు. బీఎన్ఆర్‌కు, కలకత్తా మేయర్స్ ఎలెవన్ జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఒకప్పుడు తన కోసం రహీం సాబు చేసిన పనే ఇది. స్ట్రైకర్ గోల్ కొడితే లక్షమంది అరుస్తారు. కోచ్ ఓ పిల్లాణ్ని పట్టుకొస్తే పేపర్లో నాలుగు ముక్కలు కూడా రావు.

ఇప్పుడు కోచ్ అంటే విదేశీయుడే అన్నట్టుంది. 2019లో భువనేశ్వర్ కేంద్రంగా ఏర్పడిన ఒడిశా ఎఫ్‌సీకి తొలి కోచ్ జోసెప్ గొంబావు స్పెయిన్ దేశస్థుడు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్ఎల్ టైటిల్ తెచ్చిన మానొలో మార్కెజ్‌దీ స్పెయినే. తప్పేం లేదు, వాళ్లు మంచి ఆటే నేర్పారు. కానీ మన దగ్గరా ఓ బడిపంతులు అద్దె సైకిలు డబ్బులిచ్చి ఒలింపియన్‌ను తయారుచేశాడన్న సంగతి మరిచిపోకూడదు.

అడిగేవారేరీ?

చునీ గోస్వామికి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. ముగ్గురిలో మూడో ఆయనకు రాలేదు. హైదరాబాద్ వారు కలకత్తా ఆటగాడన్నారు. కలకత్తా వారికి ఆయన హైదరాబాద్ ఆటగాడు. గెలిచినప్పుడు రెండు చోట్లా మావాడే అన్నారు. గుర్తింపు కోసం గట్టిగా అడగాల్సి వచ్చేసరికి ఎవరి నోరూ లేవలేదు. ఈ బాధ ఏంటో సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో ఒంటరిగా బతికిన బలరాం 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు. మరుసటి ఏడాది రహీం జీవితంపై వచ్చిన హిందీ సినిమా 'మైదాన్'లో ఆయన పాత్ర కూడా ఉంది. చూడ్డానికి ఆయన లేరు. పద్మ పురస్కారం సంగతి సరే. సాయంత్రం పూట బంతి తన్నే మన కుర్రాళ్లకు మెస్సీ, రొనాల్డోల పేర్లు తెలుసు. ఆ వరుసలో ఈ పేరూ ఒకసారి చెబుదాం.

ఒక్క చూపులో..
పుట్టింది: 1936, అమ్ముగూడ, సికింద్రాబాద్
ఒలింపిక్స్: 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్
ఆసియా క్రీడల స్వర్ణం: 1962 జకార్తా
క్లబ్‌లు: ఈస్ట్ బెంగాల్ (1957-62), బీఎన్ఆర్ (1963)
పురస్కారం: అర్జున (1962)