రాయి మొరమైతేనే బావిలో నీళ్లు

సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్‌లోని మెట్లబావి దశాబ్దాల పాటు చెత్తతో పూడిపోయి ఉండేది. ఆ పూడిక తీసి, రాతి మెట్లను బాగుచేసి 2022 డిసెంబరులో దాన్ని మళ్లీ ప్రజలకు తెరిచారు. 22 లక్షల లీటర్లు పట్టే ఈ పదిహేడో శతాబ్దపు బావిలో నీరు తిరిగి ఊరింది. జంటనగరాలేమో గ్రానైటు బండ మీద వెలసిన ఊళ్లు. గడ్డపార దిగని ఆ బండలోకి నీరెలా చేరింది?

బండ పగిలింది కాబట్టి చేరింది.

ఈ గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట, భూమి లోపల కిలోమీటర్ల లోతున, కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడినది. మీదున్న రాతిపొరలు యుగాల తరబడి కొట్టుకుపోయేకొద్దీ బరువు తగ్గింది. అణిగి ఉన్న బండ పైకి సాగి, నేలకు సమాంతరంగా ఉల్లిపొరల్లా విడిపోయింది. మౌలాలి గుట్ట మీదా, భువనగిరి కోట ఉన్న బండ మీదా ఈ పొరలు కంటికే కనిపిస్తాయి.

ఆ తర్వాతి పని ఎండదే అని చాలామంది నమ్మకం. 1936లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ గ్రిగ్స్ దీన్ని పరీక్షకు పెట్టాడు. నునుపు చేసిన గ్రానైటు ముక్కను వేల సార్లు వేడిచేసి, పొడిగాలితో చల్లార్చాడు. 244 ఏళ్ల పగళ్లూ రాత్రులూ గడిచినంత పని అది. అయినా రాయి చెక్కుచెదరలేదు. గాలికి బదులు నీళ్లతో చల్లార్చినప్పుడు మాత్రం రెండున్నరేళ్లకు సమానమైన కాలంలోనే మెరుపు పోయి, పగుళ్లు మొదలయ్యాయి. ఎండ ఒక్కటే చేయలేని పని తడి తోడైతే జరిగిపోతుంది. చలిదేశాల్లో పగుళ్లలోని నీరు గడ్డకట్టి, తొమ్మిది శాతం ఉబ్బి రాయిని చీలుస్తుంది. మన దగ్గర నీరు రసాయనికంగా పనిచేస్తుంది.

వానచినుకు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకొని కాస్త ఆమ్లమవుతుంది. గ్రానైటులోని నల్ల అభ్రకానికి ఆ తడి తగలగానే అది మార్పు చెంది ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న గింజల మధ్య సన్నని బీటలు పడతాయి. వాటిలోంచి మరింత నీరు దిగుతుంది. ఫెల్డ్‌స్పార్ మెత్తబడి తెల్లటి బంకమన్నుగా మారుతుంది. క్వార్ట్జ్ మాత్రం లొంగదు, ఇసుకగా మిగులుతుంది. ఇళ్ల పునాదులు తవ్వేటప్పుడు బయటపడే మొరం ఇదే.

గుట్టల మీద ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లు కూడా ఈ పని ఫలితమే. నిలువు, అడ్డం పగుళ్ల మధ్య పలకలుగా ఉన్న రాతికి మూలల దగ్గర మూడు వైపుల నుంచి, అంచుల దగ్గర రెండు వైపుల నుంచి తడి తగులుతుంది. అందుకే మూలలు ముందు అరిగి, రాయి భూమిలోనే గుండ్రమవుతుంది. చుట్టూ ఉన్న మొరం వానలకు కొట్టుకుపోయాక గుండు బయటపడుతుంది. ఎక్కడి నుంచో దొర్లి వచ్చినట్టు కనిపించినా, చాలా గుండ్లు పుట్టిన చోటే ఉన్నవి.

నగరానికి దక్షిణాన మహేశ్వరంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఫ్రెంచి శాస్త్రవేత్తలతో కలిసి ఈ పొరల లోతులు కొలిచారు. పైన మొరం, దాని కింద కొన్ని పదుల మీటర్ల మందాన పగుళ్ల బండ. వాన నీటిని దాచుకునేవి ఈ రెండే. ఇంకా కిందికి వెళ్తే పగుళ్లు అరుదై, నీరు పడే అవకాశం బాగా తగ్గిపోతుంది. పాత దిగుడుబావులు ఈ పై పొరల నీటితోనే నిండేవి. వాటిని పూడ్చి, బోర్లను అంతకంతకూ లోతుకు దించడం మనం చేసిన పెద్ద పొరపాటు.

లోతు పగుళ్లలో ఎక్కువకాలం నిలిచిన నీటిలోకి రాతిలోని ఫ్లోరైడు కూడా ఎక్కువగా కరుగుతుంది. నల్గొండ జిల్లాలో పళ్లను, ఎముకలను దెబ్బతీసింది ఆ ఫ్లోరైడే. పటికతో, సున్నంతో దాన్ని నీటి నుంచి తొలగించడానికి 1970లలో రూపొందిన పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు.