మర్రి కొమ్మను పొయ్యి పాలు చేయకండి

చేవెళ్ల, మొయినాబాద్ రైతులకు బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారిలో సుమారు 900 మర్రిచెట్లున్నట్టు లెక్క తేలింది. నిజాం కాలంలో బాటసారుల నీడ కోసం నాటారని పెద్దలు చెబుతారు. రోడ్డు వెడల్పు మాట వచ్చాక ఈ చెట్ల వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర ఆర్టీసీ బస్సు, కంకర టిప్పర్ ఢీకొని 19 మంది చనిపోయారు. రోడ్డు వద్దని ఎవరంటారు? కానీ పోయిన మర్రికి మారు మర్రి పెట్టడం మన చేతిలో పనే.

పండులో పురుగు కాదు

మర్రిపండు విప్పితే సన్నటి ఈగలు కనిపిస్తాయి. పండు పాడైందనుకోకండి. మర్రి పూలు కాయ లోపలే పూస్తాయి. పుప్పొడి మోసేది ఆ ఈగే. దాని ఆయుష్షు ఒకటి రెండు రోజులే. ఆలోగా కాయకు వచ్చిన ఇంకో మర్రి దొరకాలి. అందుకే ఊరికొక్క చెట్టు మిగిలితే చాలదు, దగ్గర దగ్గర్లో నాలుగు చెట్లుండాలి. ఒక్కో చెట్టు ఒక్కో సమయంలో కాస్తుంది కనుక గోరింకలకు, కంసాలి పిట్టలకు, కోకిలలకు ఏదో ఒకచోట మేత దొరుకుతుంది. ఆ గోరింకలే మీ కంది, టమాట చేలల్లో పురుగులు ఏరుతాయి. తొర్రల్లోని గుడ్లగూబలు ఎలుకలను పడతాయి.

రైతుకేం లాభం?

ఎండకాలం గడ్డి దొరకనప్పుడు మర్రి మండలు మేకలకు ఆదరువు. ఆకులతో విస్తర్లు కుడతారు. ఊడల కర్ర గట్టిది, గుంజలకు పనికొస్తుంది. కాళ్ల పగుళ్లకు మర్రిపాలు రాసుకోవడం మీకు తెలిసిందే.

నాటేదిలా

మర్రికి విత్తనం అక్కర్లేదు, కొమ్మతోనే వస్తుంది. మణికట్టంత లావు, ఆరేడు అడుగుల పొడవున్న కొమ్మను ఎంచుకోండి. ఆకులు దూసేసి, పైకోతకు పేడమట్టి మెత్తండి. మృగశిర వానలు పడగానే రెండడుగుల గుంతలో పాతి, మట్టి గట్టిగా తొక్కండి. చుట్టూ ముళ్లకంప కట్టండి. మొదటి రెండు ఎండకాలాలు నీళ్లు పోయండి.

ఎకరం, రెండెకరాల రైతులు చేనులో మాత్రం పెట్టకండి. నీడకు పంట దిగుబడి తగ్గుతుంది. ఇల్లు, బావి, చెరువు కట్టలకు వేర్లతో ముప్పు. గుడి దగ్గర ఖాళీ జాగా, పశువులు నిలిచే చోటు, ఊరి బయట బంజరు అయితే మేలు. ముందుగా పంచాయతీని అడగండి. రోడ్డు పక్క చెట్టు కొమ్మ కావాలంటే అధికారుల అనుమతి తప్పదు.

నలుగురు రైతులు కలిసి ఊరికి నాలుగు కొమ్మలు పాతితే చాలు. ఈ వానకాలమే మొదలుపెట్టండి.