డాన్యూబ్ ఒడ్డున ఇంటి బడి

షికాగోలో జనవరి. మిషిగన్ సరస్సు ఒడ్డంతా మంచు పెళ్లలు. బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుంటున్న పద్నాలుగేళ్ల పిల్లను అట్లాసు ముందు కూర్చోబెట్టి, షికాగో మీద వేలుపెట్టి అక్షాంశ రేఖ వెంబడి తూర్పుకు జరపమనండి. అట్లాంటిక్ దాటి, స్పెయిన్ ఎక్కి దిగి, ఆ వేలు రోమ్ దగ్గరకు చేరుతుంది. రెండు ఊళ్లూ దాదాపు 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. అదే జనవరిలో రోమ్ వీధుల్లో చెట్లకు నారింజలు వేలాడుతుంటాయి. సూర్యుడు ఇద్దరికీ ఒక్కడే, మరి ఇక్కడ మంచేమిటి, అక్కడ పండేమిటి?

యూరప్ పాఠం మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న నాకు తోచలేదు. జవాబు వెతుకుతుంటే ఒక్కొక్కటే బయటికొస్తాయి. పడమటి నుంచి వీచే సముద్రపు గాలి, వేసవి వేడిని చలికాలం దాకా దాచుకునే మధ్యధరా సముద్రం, ఉత్తరపు చలికి గోడలా నిలబడ్డ ఆల్ప్స్. షికాగోకు అలాంటి గోడ లేదు. కెనడా గాలి తిన్నగా వచ్చి తలుపు తడుతుంది.

పెద్ద పిల్లలకు ఇంట్లో చదువు చెప్పడంలో ఉన్న సుఖమూ చిక్కూ ఒకటే, సిలబస్ మన చేతిలోనే ఉంటుంది. అమెరికాలో చాలాచోట్ల ట్రాన్‌స్క్రిప్టు తయారుచేసేదీ అమ్మానాన్నలే. దాంతో తేలిక దారి ఊరిస్తుంది. ఫ్రాన్స్-పారిస్, పోలండ్-వార్సా అని ఎక్కాల్లా అప్పజెప్పించుకుని టిక్కు పెట్టేయొచ్చు. ఎనిమిదేళ్ల వాడికి అది ఆట. పదిహేనేళ్ల పిల్లకు మాత్రం తననింకా చిన్నపిల్లలా చూస్తున్నారనిపిస్తుంది. రాజధానులు రావాల్సిందే, కాదనను. కానీ అవి ఏదో ఒక దారిలో ఎదురవ్వాలి.

నది వెంట నడిస్తే...

నన్నడిగితే ఆ దారి డాన్యూబ్. పొడవు సుమారు 2,850 కిలోమీటర్లు, అంటే మన గోదావరికి రెట్టింపుకు కాస్త తక్కువ. పది దేశాలను తాకుతుంది. ఇన్ని దేశాలను తాకే నది ప్రపంచంలో మరొకటి లేదు. వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్, బెల్‌గ్రేడ్... నాలుగు రాజధానులు దాని గట్టునే ఉన్నాయి. జర్మన్లు డోనావ్ అంటారు, స్లోవాకులు దునాయ్, హంగేరీవాళ్లు దునా, సెర్బులు దునవ్. పేరు మారిందంటే భాష మారినట్టు. సరిహద్దు గీత చూపించకముందే ఆ మార్పు పిల్లల చెవిన పడాలి.

గోదావరి తెలిసినవాళ్లకు ఈ నది ఇట్టే పట్టుబడుతుంది. త్ర్యంబకం దగ్గర, అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలో పుట్టి కూడా గోదావరి అటు వీపు తిప్పి తూర్పుకు వచ్చేస్తుంది కదా. డాన్యూబ్‌దీ అదే తీరు. జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్‌లో, రైన్ లోయ పక్కనే పుట్టి, అటు పోకుండా ఎక్కడో ఉన్న నల్ల సముద్రం దాకా నడుస్తుంది. అయితే దాని నీళ్లన్నీ దాని మాట వినవు. ఇమ్మెండింగెన్ దగ్గర సున్నపురాతి పగుళ్లలోకి కొంత నీరు ఇంకిపోతుంది. నేల కింద పది కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఆఖ్ ఊటగా పైకొచ్చి, చివరికి రైన్‌లో కలుస్తుంది. ఎండాకాలంలో అక్కడ డాన్యూబ్ అడుగు ఎండిపోయి రాళ్లు తేలిన రోజులుంటాయి. ఒకే నదిలో కురిసిన రెండు చినుకుల్లో ఒకటి నల్ల సముద్రానికి, ఇంకొకటి ఉత్తర సముద్రానికి!

ఓ దారం తీసుకుని పటం మీద నది వంపుల వెంట పరచి, స్కేలుతో కొలవమనండి. కొలుస్తూ పోతే ప్రశ్నలు వాళ్లే వేస్తారు. మాల్డోవాకు ఈ నది మీద దక్కిన గట్టు కిలోమీటరు కూడా లేదు. ఆ కాస్త చోటులోనే రేవు కట్టుకుంది. ఓడలో సముద్రం చేరాలంటే ఆ దేశానికి అదొక్కటే దిక్కు. వియన్నా, బ్రాటిస్లావా మధ్య గీత గీస్తే 60 కిలోమీటర్లు ఉండదు, దాదాపు విజయవాడకూ ఏలూరుకూ ఉన్నంత. అయినా 1989 దాకా ఆ రెండిటి నడుమ ముళ్లకంచె ఉండేది. పటంలో ఆ కంచె ఇప్పుడు కనబడదు.

ఏ ఏటి పటం?

అందుకే పటం చేతికిచ్చినప్పుడు ముందు ఏ ఏడు అచ్చయిందో చూడమనాలి. 1914 నాటిది, 1988 నాటిది, ఇవాళ్టిది, మూడూ ట్రేసింగ్ పేపరు మీద గీయించి ఒకదానిపై ఒకటి పరిపించండి. 1991 చివర్లో సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. 1993 జనవరి 1న చెకోస్లోవేకియా గొడవ లేకుండా రెండయింది. యుగోస్లావియా మాత్రం నెత్తుటి మడుగులో ముక్కలైంది. ఒకటి అలా, ఒకటి ఇలా ఎందుకైందన్నది నెల రోజుల పాఠం. ఐఫిల్ టవర్, పీసా గోపురాలకు పెట్టే సమయం దీనికి మళ్లించొచ్చు. వాటి సంగతి యూట్యూబ్ చూసుకుంటుంది.

ఉక్రెయిన్ పడమటి కొసన ఉజ్‌హొరోడ్ అని ఓ ఊరుంది. 1910లో అక్కడ పుట్టి తొంభయ్యేళ్లు బతికిన మనిషిని ఊహించుకోమనండి. ఊరి పొలిమేర దాటకుండానే ఆస్ట్రియా-హంగేరీ, చెకోస్లోవేకియా, హంగేరీ, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్... ఐదు రాజ్యాలు చూసి ఉంటాడు. భద్రాచలంలో 1950లో పుట్టిన తాతగారు కూడా ఊరు కదలకుండా మద్రాసు రాష్ట్రం, ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చూశారు. కానీ ఆయన దేశం మారలేదు, గీత మార్చడానికి సైన్యం రాలేదు. ఈ ఇద్దరి గురించీ రెండు పేజీలు రాయమంటే ఏ బహుళైచ్ఛిక ప్రశ్నా రాబట్టలేని జవాబులు వస్తాయి.

మన చదువు ఎక్కడ చెల్లుతుంది?

చివరి పటం పిల్లల సొంత బతుకుది. ఇంటి చదువును ఒప్పుకునే దేశానికి ఆకుపచ్చ, ఒప్పుకోని దేశానికి ఎరుపు రంగు వేయమనండి. ఐర్లండ్ రాజ్యాంగంలోనే దానికి చోటుంది. ఇంగ్లండ్ చట్టం అనుమతిస్తుంది. ఫ్రాన్స్‌లో 2022 నుంచి ప్రభుత్వం దగ్గర ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. జర్మనీలో చాలా అరుదైన సందర్భాల్లో తప్ప కుదరదు, పిల్లలు బడికి వెళ్లి తీరాల్సిందే.

రైన్‌కు ఈవల ఫ్రాన్స్ నగరం స్ట్రాస్‌బర్గ్, ఆవల జర్మనీ ఊరు కేల్. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఉన్నది స్ట్రాస్‌బర్గ్‌లోనే. పిల్లల్ని బడికి పంపని ఓ కుటుంబం నుంచి వాళ్లను కొన్నాళ్లు తీసుకెళ్లి ఉంచిన జర్మనీ అధికారులు హక్కుల ఉల్లంఘనకు పాల్పడలేదని 2019లో ఆ కోర్టు తీర్పు చెప్పింది. 2017 నుంచి ఈ రెండు ఊళ్ల మధ్య ట్రామ్ నడుస్తోంది. నిమిషాల్లో నది దాటేస్తుంది. ఆ వంతెన మీద ఆకుపచ్చ పెన్సిలు ఎక్కడ ఆపాలో, ఎర్రది ఎక్కడ మొదలుపెట్టాలో పిల్లనే తేల్చుకోమనండి.