అదే పాట, అదే గొంతు, మళ్ళీ ఎందుకు?

2024 ఏప్రిల్ 10న జపాన్‌లో ‘సైన్స్ ఫిక్షన్’ పేరుతో రెండు సీడీల ఆల్బమ్ ఒకటి వచ్చింది. గాయకుల పేరు ఉతాడా హికారు. 1998 డిసెంబరులో తొలి పాట, మరుసటి మార్చిలో ‘ఫస్ట్ లవ్’ ఆల్బమ్. ఆ ఆల్బమ్ జపాన్‌లోనే డెబ్భై లక్షలకు పైగా అమ్ముడుపోయింది, అంతకుమించి అమ్ముడైన ఆల్బమ్ అక్కడ ఇప్పటికీ లేదు. ఆ తొలి అడుగు పడి పాతికేళ్ళయిన సందర్భంగా వేసిన సంకలనమే ‘సైన్స్ ఫిక్షన్’. మొత్తం 26 పాటలు. పాతవాటిలో కొన్నిటికి అప్పటి గానాన్నే ఉంచి మిక్సింగ్ మాత్రం కొత్తగా చేశారు. మూడింటిని మాత్రం ఉతాడా స్టూడియోకి వెళ్ళి మళ్ళీ పాడారు. 1999 నాటి ‘అడిక్టెడ్ టు యూ’, 2001 నాటి ‘ట్రావెలింగ్’, 2002 నాటి ‘హికారి’. అవి మొదట వచ్చినప్పుడు వయసు 16, 18, 19. కొత్త ఆల్బమ్ వచ్చేనాటికి 41.

ఈ సంగతి నాకు తెలిసింది మా మేనకోడలి అలక వల్ల. మాది హిమాయత్‌నగర్. హైదరాబాద్‌లోది కాదు, నాందేడ్ జిల్లాది. ముద్‌ఖేడ్ నుంచి ఆదిలాబాద్ పోయే రైలు దారిలో, కిన్వట్‌కి ఇవతల ఉన్న తాలూకా ఊరు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది, తర్వాత బొంబాయి రాష్ట్రంలోకి, అక్కణ్ణుంచి మహారాష్ట్రలోకి వచ్చింది. ఇక్కడి తెలుగిళ్ళల్లో పిల్లలు బడిలో మరాఠీ, బజార్లో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ఇప్పుడు ఫోన్‌లో జపనీస్ కూడా వింటున్నారు. జపాన్ కార్టూన్ సినిమాలు చూసి, వాటి చివర వచ్చే పాటలు పట్టుకుని, ఆ పాడినవాళ్ళ పాత పాటలన్నీ తవ్వుకుంటారు. మా పిల్లకి ఉతాడా దొరికింది అట్లాగే. కొత్త ‘ట్రావెలింగ్’ విన్నాక మొహం ముడుచుకుని నా దగ్గరికొచ్చింది.

“మామా, పాట గదే, గొంతు గూడ గదే. గని ఇది నా పాట గాదు.”

ఏం మారిందే అంటే, ఊపిరి పీల్చుకునే చోటు మారిందంది. ఒక మాటని ఇంతకుముందు కొరికినట్టు అనేవాళ్ళు, ఇప్పుడు జారవిడిచారంది. ఇద్దరం కలిసి చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాతదీ కొత్తదీ ఒక్కో ముక్క ఆపి ఆపి విన్నాం. నాకు భాష తెలియదు కాబట్టి గొంతు ఒక్కటే వినబడింది. పిల్ల చెప్పింది నిజమే.

ఈ ఫిర్యాదుని చిన్నపిల్ల పేచీ అని తీసేయకుండా కాస్త విప్పి చూద్దాం. ముందు ఒక మాట: మన సినిమావాళ్ళు రీరికార్డింగ్ అంటే నేపథ్య సంగీతం. ఇక్కడి సంగతి అది కాదు, పాడిన పాటని మళ్ళీ పాడి రికార్డు చేయడం.

పాత పాట కొత్తగా వచ్చిందంటే అది మూడు రకాల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది. రీమాస్టర్ అంటే పాత ఇంటికి వెల్ల వేయడం, గోడా గదీ ఏదీ కదలదు. రీమిక్స్ అంటే గోడలు ఉంచి తలుపులూ కిటికీలూ మార్చడం. గొంతు ట్రాకు పాతదే, దాని చుట్టూ వాయిద్యాల పాళ్ళు మారతాయి, ఒక్కోసారి వాయిద్యాలే మారతాయి. మళ్ళీ పాడడమంటే పాత నక్షా చేత్తో పట్టుకుని కొత్త స్థలంలో కొత్త ఇల్లు కట్టడం. బయటినుంచి చూస్తే మూడూ ‘కొత్త వెర్షన్’లే. చెవికి మాత్రం మూడోది పరాయి ఇల్లు. పేరు అదే కాబట్టి లోపలికి వెళ్ళేదాకా ఆ సంగతి తెలియదు.

పాత పాటంటే పాత జ్ఞాపకం, అందుకే అభిమానికి కొత్తది నచ్చదు అని ఒక సిద్ధ సమాధానం ఉంది. మా పిల్ల విషయంలో అది చెల్లదు. ‘ట్రావెలింగ్’ వచ్చిన 2001లో అది పుట్టనే లేదు. దాని మనసులో ఆ పాటకి ముడిపడిన కాలేజీ రోజులూ లేవు, వానలూ లేవు. మరి బాధ దేనికి? మొదట విన్నదే కొలబద్ద అయిపోతుంది కాబట్టి. ఒక వస్తువుని పదేపదే చూస్తేనో వింటేనో దానిమీద ఇష్టం పెరుగుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జయోంక్ 1968లో చూపించాడు. పాటలో మనం పదేపదే వినేది బాణీ ఒక్కటే కాదు. మైకు ముందు ఆ రోజు పడిన ఊపిరి, మాట చివర చిన్న వణుకు, డోలు దెబ్బకి వెంట్రుకవాసి ముందు పడిన అక్షరం, అన్నీ కలిసి ఒక్క ముద్దగా చెవిలో కూర్చుంటాయి. వాటిలో ఒకటి తప్పినా చెవి పట్టేస్తుంది. బాణీని కాగితం మీద రాసి పెట్టుకోవచ్చు. ఆ వెంట్రుకవాసి తేడాని ఏ కాగితమూ పట్టదు.

పాడేవాళ్ళ వైపు నుంచి చూస్తే కథ వేరు. పాతికేళ్ళలో గొంతు బరువెక్కుతుంది, పై స్థాయిలో తేలికదనం తగ్గొచ్చు, కింది స్థాయిలో లోతు రావచ్చు. వేదికల మీద ఏళ్ళ తరబడి పాడిన పాట పాడేవాళ్ళకి నోటికి మాత్రమే కాదు, ఒంటికి కూడా పట్టేస్తుంది. మొదటిసారి రికార్డింగ్‌లో పాట ఎటు పోతుందో వాళ్ళకే పూర్తిగా తెలియదు. రెండోసారి చివరిదాకా తెలిసే మొదలుపెడతారు. ‘ట్రావెలింగ్’ పైకి హుషారైన నృత్య గీతమే గానీ, దాని సాహిత్యంలో ‘హెయికె మోనోగతారి’ అనే మధ్యయుగ వీరగాథ ఆరంభాన్ని గుర్తుచేసే మాటలున్నాయి. సిరిసంపదలూ అధికారమూ నిలవవని చెప్పే గాథ అది. ఆ మాటల్ని పద్దెనిమిదేళ్ళ గొంతు అనడం వేరు, మధ్యలో ఏళ్ళ తరబడి పాటకి దూరంగా ఉండి, 2013లో తల్లిని పోగొట్టుకుని, 2016లో తిరిగొచ్చిన గొంతు అనడం వేరు. ఆ తల్లి ఫుజి కెయికో కూడా పేరున్న గాయని. ఉతాడా ఇవన్నీ తలుచుకునే పాడారని నేననను. వినేవాడికి మాత్రం అవి తెలుసు, తెలిశాక చెవి ఊరుకోదు.

మళ్ళీ పాడడానికి అందరి కారణం ఒకటే కాదు. అమెరికాలో టేలర్ స్విఫ్ట్ తన పాత ఆల్బమ్‌లని 2021 నుంచి ఒక్కొక్కటే మళ్ళీ పాడింది. కారణం ఆస్తి తగాదా. ఆమె తొలి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్లు, అంటే మూల రికార్డింగులు, 2019లో ఆమెకి ఇష్టం లేని చేతుల్లోకి అమ్ముడుపోయాయి. పాటలు రాసుకున్నది తనే కాబట్టి రచన మీద హక్కు ఉంది, రికార్డింగ్ మీద లేదు. అందుకని కొత్త రికార్డింగులు తయారుచేసుకుంది. చివరికి 2025లో పాత మాస్టర్లనే కొనుక్కుంది. జపాన్‌లో అమురో నామియె 2017 నవంబరులో 52 పాటల ‘ఫైనల్లీ’ వేసి, అందులో తొలినాటి పాటల్ని మళ్ళీ పాడి, మరుసటి సెప్టెంబరులో రంగం నుంచి తప్పుకుంది. ఆమెది వీడ్కోలు.

ఇక మన దగ్గరికి వద్దాం. తెలుగులో పాత పాటలు మళ్ళీ రికార్డు కాలేదా? బోలెడన్ని అయ్యాయి. 1977 నాటి ‘యమగోల’ పాట 2007లో ‘యమదొంగ’లోకి వచ్చింది, తాత పాటకి మనవడు ఆడాడు. 1992 నాటి ‘ఘరానా మొగుడు’ కోడిపెట్ట పాట 2009లో ‘మగధీర’లోకి వచ్చింది. తండ్రి పాటకి కొడుకు ఆడాడు, తండ్రి కూడా తెరమీద కాసేపు కనబడి దీవించి వెళ్ళాడు. ‘గ్యాంగ్ లీడర్’ వాన పాట ‘రచ్చ’లో మళ్ళీ తండ్రీకొడుకులదే. ‘రౌడీ ఇన్‌స్పెక్టర్’ పాట 2015లో ‘పటాస్’లోకి, బాబాయి నుంచి అబ్బాయికి. ‘ఖైదీ నంబర్ 786’ పాట అదే ఏడాది ‘సుబ్రహ్మణ్యం ఫర్ సేల్’లోకి, మేనమామ నుంచి మేనల్లుడికి. ఇల్లూ పొలం రాసిచ్చినట్టు పాటలు రాసిచ్చారు. ఇందులో పాడినవాళ్ళు ఎక్కడ? మన దగ్గర పాటకి వారసత్వం ఉంది గానీ అది హీరోది, గొంతుది కాదు. కోడిపెట్ట పాటలో ఒక్క విశేషం: రెండుసార్లూ సంగీతం కీరవాణిదే. పదిహేడేళ్ళ తర్వాత తన పనిని తనే మళ్ళీ చేసే అవకాశం ఆయనకి దక్కింది. మొదటిసారి దాన్ని పాడిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికీ చిత్రకీ ఆల్బమ్‌ల మీద అలాంటి అవకాశాలు ఎన్నిసార్లు దక్కాయో వేళ్ళ మీద లెక్కపెట్టాలి.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 78 ఆర్పీఎం గ్రామఫోను రికార్డు ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. తొలినాటి సినిమాల్లో పాట అంతకంటే పొడవుంటే, రికార్డు కంపెనీ కోసం దాన్ని కుదించి విడిగా మళ్ళీ పాడేవాళ్ళు. హాల్లో విన్నదీ ఇంట్లో విన్నదీ ఒకటి కాకపోయినా ఎవరూ అలగలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి వినే వీలే లేదు మరి.

తర్వాత క్యాసెట్లు వచ్చాయి. మా ఊరికి నిజామాబాద్ నుంచీ ఆదిలాబాద్ నుంచీ తెలుగువీ, నాందేడ్ నుంచి హిందీవీ వచ్చేవి. పాత పాటని వేరేవాళ్ళ చేత పాడించి రికార్డు చేసుకోవడానికి 1957 కాపీరైట్ చట్టంలో ఒక వెసులుబాటు ఉండేది. గుల్షన్ కుమార్ టీ-సిరీస్ దాన్ని ఆసరా చేసుకుని ఎనభైల్లో చవక క్యాసెట్ల వెల్లువ తెచ్చింది. అట్ట మీద పాత సినిమాల పేర్లు, లోపల కొత్త గొంతులు. కొన్నవాడికి టేపు తిరిగేదాకా తెలియదు. ఆ క్యాసెట్లు కొత్త గాయకులకి బతుకునిచ్చాయన్నదీ నిజమే. 2012లో చట్టాన్ని సవరించినప్పుడు ఈ వెసులుబాటుని బాగా బిగించారు. మొదటి రికార్డింగ్ జరిగిన ఏడాది ముగిశాక ఐదేళ్ళు ఆగాలి. ముందుగా నోటీసిచ్చి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. అట్ట మీద ఇది కవర్ వెర్షన్ అని రాయాలి. పాటని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఇంకో షరతు మరీ విచిత్రం: అంతకుముందు పాడినవాళ్ళ పేరుగానీ బొమ్మగానీ అట్ట మీద ఉండకూడదు. కొన్నవాడు మోసపోకుండా పెట్టిన షరతే అది. ఆ అంతకుముందు పాడిన మనిషే ఇప్పుడు మళ్ళీ పాడితే ఏం చేయాలి? తన పాట మీద తన పేరు వేసుకోవచ్చా? చట్టం రాసినవాళ్ళకి ఈ ఆలోచనే వచ్చినట్టు లేదు.

గాయకుడు ఈ కవర్ వెర్షన్ దారి వద్దనుకుంటే రచయిత, సంగీత దర్శకుడు, నిర్మాత, ఆడియో కంపెనీ, వీళ్ళలో హక్కు ఎవరి దగ్గరుంటే వాళ్ళని అడగాలి. స్టేజీ మీద పాడడానికే ఇది ఎంత దూరం వెళ్ళిందో 2017 మార్చిలో చూశాం. అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున లాయరు నోటీసు అందింది, బాలు ఆ పర్యటనలో ఆయన పాటలు పక్కన పెట్టేశారు. న్యాయం ఎవరి వైపు అన్నది పక్కన పెడితే, పాటకి ప్రాణం పోసిన గొంతుకి ఆ పాట మీద ఎంత తక్కువ పట్టుందో అందరికీ తెలిసొచ్చింది. ఉతాడాకి ఈ చిక్కు చాలావరకు లేదు. మాటా బాణీ రెండూ తనవే.

నా బాధ ఇక్కడే. బాలు ‘శంకరాభరణం’ పాడింది ముప్పై దాటిన వయసులో. సినిమా 1980 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ తర్వాత నలభై ఏళ్ళ పాటు వేదికల మీద ఆ పాటలు పాడుతూనే ఉన్నారు. అరవై దాటాక కచేరీల్లో పాడినవి వినండి. కుర్రతనపు మెరుపు తగ్గింది గానీ మాటని ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదిలేయాలో తెలిసిన నిదానం వచ్చింది. అవి మనకి ఎలా మిగిలాయి? టీవీ కార్యక్రమాల్లో, ప్రేక్షకుల చప్పట్ల కింద, ఎవరో ఫోన్‌లో తీసిన వీడియోల్లో. మంచి స్టూడియోలో, మంచి మైకు ముందు, తీరిగ్గా కూర్చోబెట్టి ‘మీ పాటలు మీకు ఇప్పుడు ఎలా తోస్తే అలా పాడండి’ అని అడిగి ఒక పెద్ద సంకలనం వేసినవాళ్ళు నాకు తెలిసి లేరు. 2020 సెప్టెంబరు 25తో ఆ అవకాశం పోయింది. వేసుంటే మా మేనకోడలిలాంటి అభిమానులు తెలుగునాట కూడా అలిగేవాళ్ళు. అలగనివ్వండి! పాత రికార్డింగ్‌ని ఎవరూ ఎత్తుకుపోరు కదా. రెండూ ఉంటాయి, ఏది వినాలనిపిస్తే అది వింటారు.

చట్టం లెక్క ఒకటి చెప్పి ముగిస్తాను. మన దేశంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు ప్రచురించిన ఏడాది దాటాక 60 ఏళ్ళు. రాసినవాళ్ళ, బాణీ కట్టినవాళ్ళ హక్కు వాళ్ళు పోయిన ఏడాది దాటాక 60 ఏళ్ళు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ రికార్డుల మీద హక్కు 2017 చివరితో తీరిపోయింది. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, ఆయన మాటల మీద హక్కు 2031 దాకా ఉంటుంది. ఘంటసాల 1974లో పోయారు, ఆయన బాణీల మీద 2034 దాకా. సినిమాకి మొదట కొన్ని బాణీలు కట్టి తప్పుకున్న సాలూరి రాజేశ్వరరావు 1999 దాకా ఉన్నారు, ఆయనవి 2059 దాకా. కాబట్టి ఇవాళ ఎవరైనా ఆ పాటల్ని కొత్తగా పాడి రికార్డు వేయాలంటే, ముందు ఏ బాణీ ఎవరిదో తేల్చుకుని, ఆ తర్వాత నోటీసులూ రాయల్టీలూ చూసుకోవాలి.