నిత్యభోజనం - పోషణ

గోదావరి డెల్టాలో ఏ ఇంట విస్తరి వేసినా మధ్యాహ్నభోజనపు క్రమం ఇంచుమించు ఒకటే. ముందు పప్పు, పిదప కూర, పచ్చడి, ఆపైన పులుసో చారో, కడపట మజ్జిగ. నిన్నటికీ నేటికీ కూరలో తప్ప భేదం కనిపించదు. “రోజూ ఇదేనా!” అని విసుక్కొనే యువతీయువకులు కోకొల్లలు. ఒకే రీతి భోజనం నిత్యమూ చేసేవారికి పోషణ కొరవడుతుందన్న అభిప్రాయమూ లోకంలో ప్రబలంగా ఉంది. ఇది ఎంతవరకు సత్యమో ఈ ప్రాంతపు చరిత్రే చెబుతుంది.

బియ్యంలోని మాంసకృత్తులలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పప్పులలో అది సమృద్ధి. పప్పులలో కొరవడే మిథియోనిన్ బియ్యంలో లభిస్తుంది. కనుక అన్నమూ పప్పూ కలిసినపుడు ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. సార్వా వరి కోతకు ముందే చేలలో పదునుండగా మినుము, పెసర చల్లే డెల్టా రైతు ఈ పొత్తును పొలంలోనే కుదిర్చాడు. పప్పులో వేసే తోటకూర, బచ్చలి, గోంగూరలు ఇనుమునూ ఫోలిక్ ఆమ్లాన్నీ అందిస్తాయి. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన పరిశోధక బృందానికి నాయకత్వం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించినవారే కావడం విశేషం. పప్పన్నంపై పిండిన నిమ్మరసం ఆకుకూరలోని ఇనుమును శరీరం గ్రహించడానికి తోడ్పడుతుంది. మజ్జిగ వలన కాల్షియం చేకూరుతుంది.

ఇంతటి భోజనం చేసే ఈ సీమకు ఒకప్పుడు బెరిబెరి వ్యాధి ఎందుకు సంక్రమించింది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిదప వరిసాగు విస్తరించింది. కాలక్రమాన రోకటిపోటుకు బదులు మరలు వచ్చాయి. మరపట్టిన బియ్యం మల్లెపూవులా తెల్లగా ఉంటుంది. కాని తవుడుతోపాటు బి1 విటమిన్ కూడా తొలగిపోతుంది. జావా ద్వీపంలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు తెల్లబియ్యం తిన్న కోళ్లకు నరాల జబ్బు రావడం 1890 దశకంలోనే గమనించాడు. ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో భారతదేశంలో బెరిబెరికి ముఖ్యస్థానం ఉత్తర సర్కారుల తీరమే. కాళ్లు పట్టు తప్పడం, వాపులు రావడం, గుండె బలహీనపడటం దాని లక్షణాలు. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాలలో ఆ వ్యాధి అరుదు. వడ్లను నానబెట్టి ఉడికించినపుడు పైపొరలోని విటమిన్ గింజలోనికి ఇంకుతుంది. మనవారు పచ్చిబియ్యాన్నే తినేవారు. పైగా దానిని పలుమార్లు కడిగి, గంజి వార్చి, మిగిలిన కొద్దిపాటి సారాన్నీ పారబోసేవారు. అన్నం రాశిగా, పప్పుకూరలు నామమాత్రంగా ఉండే పేదల విస్తళ్లలో ఆ లోటు తీరే మార్గం లేకపోయింది. అనగా దోషం పునరావృత్తిలో లేదు. నిత్యమూ పునరావృత్తమయ్యే వంటకంలో ఏది లోపించిందన్నదే ప్రశ్న.

రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల ఆదరం పొందిన శ్రీనాథుడు పలనాటి సజ్జ, జొన్న కూళ్లను ఈసడించాడని చాటువుల వలన తెలుస్తున్నది. మహాకవి రుచిని ఆక్షేపించలేము గాని, నేటి ఆహారశాస్త్రవేత్తలు మాత్రం పలనాటివారి పక్షమే వహిస్తారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించరాదు. ఇందుకు భోజనక్రమాన్ని మార్చనక్కరలేదు. అన్నం ముద్ద తగ్గించి, పప్పు గరిటె పెంచాలి. తక్కువ పాలిష్ పట్టిన బియ్యాన్ని ఒకటి రెండుసార్లు మాత్రమే కడిగి అత్తెసరుగా వండాలి. పప్పు రోజూ పప్పే అయినా అందులోని ఆకు మారవచ్చు: నేడు తోటకూర, రేపు బచ్చలి, ఎల్లుండి గోంగూర, పెరటిలో చెట్టుంటే మునగాకు.