సెయిల్ బోటుకి ఏ లంగరు కొనాలి? వింజమూరు మిద్దె మీద నుంచి ఒక ఎపిసోడ్

వెనకాల కోళ్ళు అరుస్తుంటే ఏమనుకోకండి. లీవులో ఇంటికొచ్చా, వింజమూరులో మా మిద్దె మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నా. ఇక్కడి నుంచి పడమటి వైపు కొండలు కనపడతాయి గానీ సముద్రం కనపడదు. అందుకే పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు రాశాడు, "అన్నా, వింజమూరోడివి, నీకు లంగరు గోల ఎందుకన్నా" అని. న్యాయమైన ప్రశ్నే. ఎనిమిదేళ్ళుగా గల్ఫ్‌లో ఒక మెరీనాలో పని చేస్తున్నా. బోట్లు కడగడంతో మొదలుపెట్టా, ఇప్పుడు ఓనర్లతో పాటు బయటికి కూడా వెళ్తా. లంగరు వెయ్యడం, తియ్యడం నా పనే.

ఈ ఎపిసోడ్ ఎందుకంటే, ఇద్దరు కుర్రాళ్ళు మెసేజ్ పెట్టారు. చెన్నైలో పాత సెయిల్ బోటు, 28 అడుగులది, బేరం కుదిరిందంట. దాన్ని తీరం వెంబడి కృష్ణపట్నం దాకా తెద్దామని ప్లాన్. బోటుతో పాటు ఒక లంగరు వచ్చింది, మడిచేసే కొక్కేల లంగరు, 6 కిలోలు, దానికి 30 మీటర్ల తాడు. "సరిపోద్దా అన్నా?" అని ఫోటో పంపారు. సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పకుండా ఊరికే వద్దంటే మీరు వినరు, నాకు తెలుసు. నేనూ ఆ వయసులో వినలేదు.

మొదట ఒక అపోహ తీసేద్దాం. లంగరు బరువుగా ఉంటే బోటు ఆగుతుంది అనుకుంటారు చాలామంది. సోమశిల రిజర్వాయర్‌లో పుట్టి మీద చేపలు పట్టేవాళ్ళని చూసే ఉంటారు. ఒక రాయికి తాడు కట్టి నీళ్ళలో వదిలేస్తారు. కదలని నీళ్ళు, తేలికైన పుట్టి, ఆగుతుంది. కానీ లెక్క చూడండి. రాయి నీళ్ళలో మునిగితే దాని బరువులో మూడో వంతు పైనే తగ్గిపోతుంది. 20 కిలోల రాయి నీళ్ళలో పన్నెండున్నర కిలోలే. ఇనుము అయితే 13 శాతం దాకా తగ్గుతుంది, అంటే 20 కిలోలది 17 పైన ఉంటుంది. ఇంకోపక్క, గాలి వేగం రెట్టింపు అయితే బోటుని తోసే బలం నాలుగు రెట్లు అవుతుంది. 15 నాట్ల గాలి 30 అయిందనుకోండి, రాయి అంతే ఉంటుంది, లాగుడు నాలుగింతలు. ఉత్త బరువుతో దాన్ని ఆపాలంటే బోటు నిండా రాళ్ళే మొయ్యాలి.

మరి లంగరు దేంతో ఆపుతుంది? మన పశువుల కొట్టంలో గుంజ గుర్తు తెచ్చుకోండి. గేదెని కట్టేసే గుంజ ఎంత బరువుంటుంది? ఏమీ ఉండదు. భూమిలోకి దిగింది కాబట్టి ఆగుతుంది. గేదె పక్కకి ఎంత గుంజినా రాదు. అదే నువ్వు రెండు చేతులతో పట్టుకుని పైకి లాగు, ఊడొస్తుంది. లంగరు సంగతి మొత్తం ఇంతే. అడుగున ఇసుకలోకో బురదలోకో దిగాలి, లాగుడు నేలకి సమాంతరంగా ఉండాలి. మంచి లంగరు గట్టి ఇసుకలో సరిగ్గా దిగితే తన బరువుకి ఇరవై రెట్ల పైన లాగుడు తట్టుకుంటుంది.

ఇప్పుడు రకాలు. అన్నీ చెప్పను, మీకు ఎదురయ్యేవి చెప్తా.

మన కుర్రాళ్ళ దగ్గరున్నది కొక్కేల రకం. తుమ్మలపెంట, ఇసకపల్లి వైపు ఫైబర్ బోట్లలో కూడా ఇనప కడ్డీలు వంచి వెల్డింగ్ చేసిన నాలుగు కొక్కేల లంగర్లు చూస్తారు. "మరి వాళ్ళు వాడుతున్నారు గదన్నా" అంటారు. వాళ్ళు వాడేది తెలివితోనే. రాళ్ళలో ఇరుక్కుంటే గట్టిగా లాగితే కడ్డీ సాగి వచ్చేస్తుంది, లంగరు పోదు. పైగా మనిషి మెలకువగా ఉంటాడు, చెయ్యి ఇంజను మీదే ఉంటుంది. మీరు సెయిల్ బోటులో రాత్రంతా పడుకోవాలి. ఇసుకలో ఆ సన్నటి కొక్కేలు దువ్వెనతో తల దువ్వినట్టు గీసుకుంటూ వచ్చేస్తాయి.

రెండోది డాన్‌ఫోర్త్. అమెరికాలో రిచర్డ్ డాన్‌ఫోర్త్ చేశాడు, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాన్ని ఒడ్డుకి దించే పడవలకి వాడారు. రెండు పలచటి రేకులు, మడతపడి బల్లపరుపుగా అయిపోతుంది, తేలిక. ఇసుకలో, బురదలో దీని పట్టు చాలా గట్టిది. చిక్కెక్కడంటే, రాత్రి గాలి దిశ పూర్తిగా తిరిగితే ఇది ఊడి, మళ్ళీ దిగకపోవచ్చు. మధ్యలో గవ్వో రాయో ఇరుక్కుంటే రేకులు తిరగవు కూడా. రెండో లంగరుగా బోటులో ఉంచుకోండి, బంగారం. ఒక్కటే లంగరు అంటే మాత్రం నేను ఒప్పుకోను.

మూడోది నాగలి రకం, సి క్యు ఆర్ అంటారు. ఇంగ్లీషులో ఆ మూడక్షరాలు గబగబా పలికితే "సెక్యూర్" అని వినపడాలని ఆ పేరు పెట్టారు. 1933లో దీన్ని చేసింది జి.ఐ. టేలర్, కేంబ్రిడ్జి శాస్త్రవేత్త, ద్రవాల కదలిక మీద పెద్ద పెద్ద పనులు చేసినాయన, స్వయంగా సెయిలింగ్ పిచ్చోడు. చాలా ఏళ్ళు దూరప్రయాణాల బోట్లన్నిటి ముక్కు మీదా ఇదే ఉండేది. కానీ మా నాన్న దీని ఫోటో చూసి అడిగిన మాట నాకు భలే నచ్చింది. "నాగలి దున్నుకుంటా పోయేదానికి గదా, ఆగేదానికి నాగలెందుకురా?" నిజమే. గట్టి నేల మీద ఇది పక్కకి పడుకుని, సాలు తీసుకుంటూ మెల్లగా వచ్చే గుణం ఉంది. దీని తర్వాత వచ్చిన డెల్టా కూడా నాగలి వంశమే, కాకపోతే మధ్యలో కీలు లేదు, కాస్త త్వరగా దిగుతుంది.

బ్రూస్ అని ఇంకోటి, పంజా ఆకారం. 1970లలో పీటర్ బ్రూస్ అనే ఆయన సముద్రంలో నూనె బావుల ప్లాట్‌ఫాంల కోసం చేసిన దాంట్లోంచి పుట్టింది. వెయ్యగానే పట్టుకుంటుంది, అది దీని గొప్ప. బరువుకి తగ్గ పట్టు మాత్రం తక్కువ, కాబట్టి చిన్న సైజుల్లో నమ్మకండి.

ఇక ఇప్పటి రకం, నేను కొనమని చెప్పేది. పార లాగా లోపలికి గుంటగా ఉన్న ఒకే పెద్ద రేకు, పదునైన ముక్కు. కొన్నిటికి వెనక కమ్మీ ఉంటుంది, లంగరు తలకిందులుగా పడ్డా ఆ కమ్మీ వల్ల దొర్లి సరిగ్గా కూర్చుంటుంది. న్యూజిలాండ్ పీటర్ స్మిత్ చేసిన రోక్నా ఈ రకం. ఫ్రాన్స్ అలెన్ పొయిరో చేసిన స్పేడ్‌కి కమ్మీ ఉండదు, ముక్కులో సీసం పోసి బరువంతా అక్కడే పెట్టారు, అదీ ముక్కు మీదే దిగుతుంది. గాలి తిరిగినా ఇవి నేలలోనే తిరుగుతాయి, ఊడినా వెంటనే దిగుతాయి. మనం పడుకున్నాక జరగాల్సింది అదే గదా.

ఇప్పుడు అసలు సంగతి. ఏ లంగరు కొన్నా, గొలుసు తక్కువ వదిలితే అది పైకి లాగిన గుంజే.

ఇది నా తప్పు, చెప్పుకోవాలి. నాలుగేళ్ళ కిందట ముసందం వైపు ఒక 38 అడుగుల బోటులో వెళ్ళాం. ఓనరు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, నేను. సాయంత్రం పది మీటర్ల లోతులో లంగరు వేశా. మంచి లంగరే, కొత్తది. గొలుసు ఎంత వదిలావు అని ఓనరు అడిగితే "యాభై" అన్నా. నిజానికి ముప్ఫై. గొలుసు మీద రంగు గుర్తులు చెరిగిపోయాయి, లెక్క తప్పింది, మళ్ళీ లాగి వెయ్యడానికి బద్ధకం. అప్పుడు గాలే లేదు, ఏమవుతుందిలే అనుకున్నా. రాత్రి రెండున్నరకి వాయువ్యం నుంచి షమాల్ గాలి లేచింది. నాకు మెలకువ వచ్చింది గాలికి కాదు, గొలుసులో గర్రు గర్రు మని వణుకుడు, దానికి. పైకొచ్చి లోతు మీటరు చూస్తే నాలుగు మీటర్లు ఉంది. వెనక కొండ, ఎంత దగ్గరంటే అల రాయికి కొట్టుకునే చప్పుడు వినపడుతోంది. ఇంజను మొదటి దెబ్బకే స్టార్ట్ అయింది కాబట్టి ఈ వీడియో చేస్తున్నా. పిల్లలిద్దరూ లైఫ్ జాకెట్లు వేసుకుని మెట్ల మీద కూర్చుని నన్నే చూస్తున్నారు. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ముప్ఫై మీటర్ల సంగతి ఓనరుకి తెల్లారాక చెప్పా. ఆయన తిట్టలేదు. గొలుసంతా డెక్ మీద పరిపించి, పది మీటర్లకొక రంగు నా చేత వేయించాడు.

కాబట్టి లెక్క రాసుకోండి. నీటి లోతు, దానికి బోటు ముక్కు ఎత్తు కలపాలి, రాత్రికి పోటు ఎంత వస్తుందో అదీ కలపాలి. మన నెల్లూరు తీరంలో పోటు సుమారు ఒక మీటరు వేసుకోండి. 6 మీటర్ల లోతు, ముక్కు ఎత్తు 1, పోటు 1, మొత్తం 8. అంతా గొలుసైతే అయిదింతలు, అంటే 40 మీటర్లు. ఎక్కువ భాగం తాడైతే ఏడింతలు, 56 మీటర్లు. గాలి పెరిగితే ఇంకా వదలాలి. కుర్రాళ్ళ 30 మీటర్ల తాడు ఇక్కడే ఫెయిల్.

మొత్తం గొలుసే పెట్టమని వాళ్ళకి చెప్పలేను. 8 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకి సుమారు 1.4 కిలోలు. 40 మీటర్లంటే 56 కిలోలు, అంత బరువు చిన్న బోటు ముక్కులో పెడితే అలల్లో ముక్కు లేవదు. 20 మీటర్ల గొలుసు, దాని వెనక 50 మీటర్ల నైలాన్ తాడు, 12 నుంచి 14 మిల్లీమీటర్లది. గొలుసు నేల మీద పడుకుని రాపిడి తట్టుకుంటుంది, నైలాన్ సాగుతుంది కాబట్టి కుదుపు లంగరుకి పోదు. పాలీప్రొపిలీన్ తాడు వద్దు, అది నైలాన్ అంత సాగదు, పైగా తేలుతుంది, ఏదో ఒక బోటు ఫ్యాన్‌కి చుట్టుకుంటుంది. లంగరు బరువు కంపెనీ పట్టికలో 10 కిలోలు అని ఉంటే 15 తీసుకోండి. షాకిల్ పిన్నుకి సన్నటి తీగ చుట్టండి, మర్చిపోతే పిన్ను తిరుగుతూ తిరుగుతూ ఊడుతుంది, లంగరు అడుగున, మీరు పైన.

అడుగున ఏముందో తెలుసుకోవాలి కూడా. పాతకాలం నావికులు సీసం గుండు అడుగున చిన్న గుంట పెట్టి, దాంట్లో పశువుల కొవ్వు పూసి తాడుతో వదిలేవాళ్ళు. కొవ్వుకి అంటుకుని ఇసుక వస్తే ఇసుక, బురద వస్తే బురద, ఏమీ రాకపోతే రాయి. ఇప్పుడు చార్టులో అక్షరాలు ఉంటాయి. అయినా లంగరు తీసినప్పుడు దానికి అంటిన మట్టి చూడటం నాకు అలవాటు.

వేసే పద్ధతి. ముక్కు గాలికి పెట్టి బోటు పూర్తిగా ఆగాక లంగరు మెల్లగా దించాలి, సినిమాలో లాగా విసరకూడదు. బోటు వెనక్కి జరుగుతుంటే గొలుసు వదులుతూ పోవాలి. మొత్తం వదిలాక ఇంజను రివర్స్‌లో నిదానంగా పెంచండి. ఒడ్డు మీద ఒకే వరసలో ఉన్న రెండు గుర్తులు, ఒక తాటిచెట్టు దాని వెనక సెల్ టవర్ అనుకోండి, చూస్తూ ఉండండి. ఆ వరస తప్పకపోతే లంగరు దిగింది. ఫోన్‌లో యాంకర్ అలారం యాప్ పెట్టుకోండి, మంచిదే, కానీ గుర్తు లంగరు పడిన చోట నొక్కాలి. చాలామంది అంతా అయ్యాక బోటు ఉన్న చోట నొక్కుతారు, అప్పుడు బోటు మామూలుగా తిరిగినా అలారం మోగుతుంది, విసుగొచ్చి ఆపేస్తారు. ఫోన్ చార్జింగ్‌లో ఉంచండి. రాత్రి మాస్టు మీద నాలుగు వైపులా కనిపించే తెల్ల లైటు వెయ్యండి. ఓడలు పోయే చానల్లో మాత్రం ఆగొద్దు.

చివరగా మన సముద్రం గురించి. గోవా నుంచి 2017 సెప్టెంబరు 10న బయలుదేరి 254 రోజుల్లో ప్రపంచం చుట్టొచ్చిన నేవీ బోటు తారిణి గుర్తుందా? ఆరుగురు అమ్మాయిల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మన తెలుగువాళ్ళు. నడి సముద్రంలో లంగరుకి అడుగు అందదు, తగలడానికి రాయీ ఉండదు. లంగరుతో పని పడేది ఒడ్డు దగ్గరే. మన తీరమేమో స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది, దాక్కోవడానికి మలుపు లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి బోటుని నేరుగా ఒడ్డుకే తోస్తుంది. ఇది కొత్త సంగతి కాదు. చినగంజాం దగ్గర మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం చదవండి. తుఫానుకి ఒడ్డున పడిన ఓడల సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవాళ్ళు, ఆయన సుంకం మాత్రం తీసుకుని మిగతాది వదిలేస్తానన్నాడు. అట్టా ఒడ్డున పడే ఓడలు ఎన్ని ఉంటే దానికోసం శాసనం రాయించాలి! 1989 నవంబరు తుఫాను కావలి దగ్గరే తీరం దాటింది, మన ఇళ్ళల్లో పెద్దోళ్ళని అడగండి.

కాబట్టి తమ్ముళ్ళూ, మీ ప్లాన్‌లో నవంబరు అని రాశారు, దాన్ని కొట్టేసి ఫిబ్రవరి అని రాయండి. 15 కిలోల పార రకం ఒకటి, డాన్‌ఫోర్త్ ఒకటి, గొలుసు, నైలాన్. కొక్కేల లంగరు పారెయ్యొద్దు, రబ్బరు పడవకి పనికొస్తుంది. కొన్నాక ఫోటో పంపండి, షాకిల్ దగ్గరగా తియ్యండి, పిన్నుకి తీగ కట్టారో లేదో నేను చూడాలి. కరెంటు పోయేటట్టుంది, ఉంటా మరి.