గూడ్సు బండికి బంకు ఎక్కడ?

కారులో ఆయిల్ తగ్గితే బంకుకెళ్లి కొట్టించుకుంటాం. మరి మైలు పొడవున్న గూడ్సు బండికి? అమెరికాలో రైల్వే గేటు దగ్గర కారాపుకుని డబ్బాలు లెక్కపెట్టిన మనవాళ్లకు ఈ సందేహం ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది.

అక్కడి పెద్ద ఇంజిన్ ట్యాంకులో దాదాపు 5 వేల గ్యాలన్ల డీజిల్ పడుతుంది. అంటే 19 వేల లీటర్లు! మన ఊళ్ల మీదుగా ఏళ్ల తరబడి తిరిగిన డబ్ల్యూడీఎం-2 ఇంజిన్‌కు 5 వేల లీటర్లే. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకూ ఈ ఇంజిన్ల చుట్టాలు తెలిసే ఉంటాయి.. అబుదాబీలో షా నుంచి రువైస్‌కు గంధకం మోసేవి అమెరికన్ డిజైన్ ఇంజిన్లే. అమెరికాలో అలాంటివి మూడు నాలుగు కలిసి ఒక బండిని లాగుతాయి. అయినా షికాగో నుంచి సియాటిల్‌కు 2 వేల మైళ్ల పైచిలుకు. ఒక్క ట్యాంకు చాలదు.

చిన్న యార్డుల్లో ట్యాంకరు లారీయే పట్టాల పక్కకు వచ్చి డీజిల్ పోస్తుంది. నెబ్రాస్కాలోని నార్త్ ప్లాట్ లాంటి పెద్ద యార్డుల్లో ఇందుకు ప్రత్యేకంగా ప్లాట్‌ఫాంలే ఉన్నాయి. కొన్నిచోట్ల మెయిన్ లైన్ మీదే స్టేషన్ కట్టారు. అక్కడ ఇంజిన్లు విప్పే పనే లేదు. బండి వచ్చి ఆగుతుంది, గొట్టాలు తగిలిస్తారు, నిండగానే నాజిల్ దానంతటదే కట్టేసుకుంటుంది. పనిలో పనిగా ఇంజిన్ ఆయిలూ, చక్రాలు జారకుండా పట్టాల మీద చల్లే ఇసుకా నింపుతారు.

కార్మికుడికి ఇక్కడ ప్రాణం లాంటిది నీలం జెండా. రాత్రయితే నీలం దీపం. అది ఉన్నంతసేపు బండిని అంగుళం కూడా కదపకూడదు. పెట్టిన బృందమే తీయాలి, పెద్ద ఆఫీసరు చెప్పినా ఇంకొకరు ముట్టకూడదు. ఏ దేశంలో పనిచేసే మనవాళ్లకైనా ఇలాంటి రూలు ఉంటే ఎంత బాగుండు!

ఇక ఒలికిపోవడం సంగతి. ఐడహో రాష్ట్రంలో హౌజర్ అనే చిన్న ఊరుంది. బీఎన్ఎస్ఎఫ్ రైల్వే 2004లో అక్కడ స్టేషన్ తెరిచింది. చిక్కేమిటంటే దాని కింద ఉన్నది స్పోకేన్ వ్యాలీ-రాత్‌డ్రమ్ ప్రెయిరీ భూగర్భ జలం. 4 లక్షల మందికి పైగా తాగేది ఆ నీళ్లే. స్థానికులు ముందునుంచే వద్దని మొత్తుకున్నారు. కింద అడ్డుపొరలు వేశాం, చుక్క దిగదని కంపెనీ భరోసా ఇచ్చింది.

తెరిచిన కొద్ది నెలలకే, 2004 డిసెంబరులో, మురుగునీటి పైపు లీకవుతున్నట్లు బయటపడింది. 2005 ఫిబ్రవరిలో ఇంకొన్ని లీకులు కనిపించాయి. ప్లాట్‌ఫాం కాంక్రీటుకూ పగుళ్లే! జడ్జి స్టేషన్ మూయించారు. తవ్వి, మరమ్మతులు చేసి, ఆ మే నెలలో మళ్లీ తెరిచారు. బండ్లు ఈనాటికీ అక్కడే ఆగి డీజిల్ కొట్టించుకుంటున్నాయి. చుట్టూ తవ్విన పరీక్ష బావుల్లో నీళ్లు తోడి చూసే పనీ దాంతోపాటే వచ్చిపడింది.